ఛాతీ మీద కెమెరాతో తీరం బాటలో మూడేళ్ల పరుగు: ఈ క్లిప్ పనికొచ్చిందా?

రన్నింగ్ వెస్ట్ (పరుగులో నీళ్లు, సామాను పెట్టుకునే జేబుల చొక్కా) భుజం పట్టీకి బిగించుకునే కెమెరా క్లిప్ మూడేళ్ల కిందట కొన్నాను. వారానికి రెండు మూడు సార్లు సముద్రం పక్కన పార్కులో, సగం ఇసుక సగం రాళ్లున్న కాలిబాటల్లో, దాంతోనే పరుగెత్తుతున్నాను. కంపెనీ పేరు రాయను, తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి.

ముందు మంచి చెప్తా. కెమెరా వీపు మీద బ్యాగులో ఉన్నన్నాళ్లూ నేను తీసిన ఫొటోలు తక్కువ. ఆగు, బ్యాగు దింపు, జిప్ లాగు, ఈలోగా పిట్ట ఎగిరిపోయేది. ఇప్పుడు మీట నొక్కితే రెండు సెకన్లలో చేతిలో ఉంటుంది. రెక్కలు చాపి ఎండకి ఆరబెట్టుకుంటున్న నీటికాకిని మొదటిసారి సరిగ్గా తీసింది ఈ క్లిప్ పెట్టుకున్నాకే.

బరువు సంగతి వేరు. కెమెరా, లెన్సు కలిపి 650 గ్రాములు, అదంతా ఒక పక్కే లాగితే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. రెండో పక్క జేబులో అర లీటరు నీళ్ల సీసా పెట్టాక సర్దుకుంది, కాకపోతే నీళ్లు తాగే కొద్దీ అది తేలికైపోయి మళ్లీ మెడనొప్పి మొదలు. జూమ్ లేని చిన్న ప్రైమ్ లెన్సు అయితే ఊగదు. దూరాన్ని దగ్గరగా చూపే పొడవాటి టెలిఫోటో లెన్సు పెట్టుకుని దిగుడు బాటలో పరుగెత్తారా, అడుగడుక్కీ డొక్కలో గుద్దుతుంది.

అసలు శత్రువు ఉప్పు. కెమెరా అడుగున ట్రైపాడ్ రంధ్రానికి బిగించి క్లిప్‌లో ఇరికించే ప్లేటు అల్యూమినియం, దాని స్క్రూ స్టీలు. ఉప్పు తేమలో ఈ రెండూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే తుప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. ఏడాదిన్నరకి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది, నాణెం పెట్టి తిప్పితే కదల్లేదు, చివరికి పట్టకారుతో లాగాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంటికి రాగానే ప్లేటు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెడుతున్నా. అంతకుముందు ఇంకో టెన్షన్: రాళ్ల మీద అదురుకి అదే స్క్రూ వదులై, కెమెరా సగం ఊడి వేలాడుతోంది, నేను మాత్రం హాయిగా పరుగెత్తుతున్నా! అప్పటి నుంచి చిన్న తాడు ఒకటి వెస్ట్‌కి కట్టి ఉంచుతున్నా.

లెన్సు మీద ఎండిన తుంపరని టీషర్టుతో తుడిచి కోటింగ్ గీతలు పడేసుకున్న తెలివి నాది. ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఇసుక ఊదేసి, తర్వాత మంచినీటితో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇంకోటి, తుంపర, దుమ్ము లోపలికి పోకుండా కెమెరాకి ఉండే వెదర్ సీలింగ్ అంటే వాటర్‌ప్రూఫ్ కాదు, అలల్లో దిగకండి.

పరుగు ఆపగానే చేతులు వణుకుతాయి, ఊపిరి కుదరదు. అందుకే ఫొటో కదిలిపోకుండా నేను 1/1000 సెకను కంటే నెమ్మది షట్టర్ స్పీడ్‌తో తియ్యను, అర నిమిషం ఊపిరి తీసుకుని వరసగా నాలుగైదు కొడతా. అయినా సగం చెత్తే.

టైమింగ్ కూడా చూసుకోవాలి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పిట్టలు మేతకి దిగేదీ అప్పుడే. ఆటుపోట్ల వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైముకి వెళ్తే కుదరదు. మేస్తున్న గుంపు మీదికి పరుగెత్తుకెళ్తే అన్నీ లేచిపోతాయి, వాటి మేత చెడుతుంది, మీకు ఫొటో కూడా రాదు. దూరంగానే ఆగి, పక్కకి తిరిగి గొంతుక్కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. ఓసారి ఒక పీత బొరియలోంచి కళ్లు మాత్రం బయటపెట్టి నా బూటు వైపు చూస్తూ ఉండిపోయింది, ఆ రోజు నా పరుగు మూడు కిలోమీటర్లతో సరి.

ఎంత వేగంగా పరుగెత్తగలనో చూసుకునే రోజు క్లిప్ ఇంట్లోనే. మిగతా రోజులకి మళ్లీ కొనాల్సొస్తే ఇలాంటి క్లిప్పే కొంటా, అదనంగా ఇంకో ప్లేటు, ఇంకో స్క్రూ కూడా.