టికాల్ వెళ్లండి, సూర్యోదయం టూర్ మాత్రం వద్దు

టికాల్ గ్వాటెమాలా అడవిలో ఉన్న పురాతన మాయా నగరం, ఇప్పుడు శిథిలాలే. దాని మామూలు టికెట్ విదేశీయులకి 150 కెట్సాల్‌లు (అక్కడి డబ్బు). తెల్లవారకముందే లోపలికి వెళ్లాలంటే మనిషికి ఇంకో 100 కట్టాలి, గైడ్ కూడా తప్పనిసరి. దగ్గర్లోని ఫ్లోరెస్ ఊళ్లో మేం దిగిన లాడ్జి ఏజెంటు అన్నీ కలిపి తలకి 200 అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. మూడింటికి నిద్ర లేపి వ్యాన్ ఎక్కించారు. ఆ 200లో పార్కు టికెట్లు కలవలేదన్న సంగతి గేటు దగ్గర దిగాక గానీ చెప్పలేదు. చీకట్లో, అడవి మధ్యలో ఎవరితో గొడవపడతాం? నలుగురికీ కలిపి ఇంకో వెయ్యి, అంటే దాదాపు 130 డాలర్లు కట్టాం. అత్తయ్య ఆ రోజంతా ఆ 130 డాలర్లే తలుచుకున్నారు.

దాదాపు 65 మీటర్ల ఎత్తున్న నాలుగో గుడికి చెక్కమెట్ల మీదుగా ఎక్కాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి, నాకు ఆవిడ ఎక్కడ జారతారోనని టెన్షన్. తీరా పైకెక్కితే పొగమంచు తప్ప ఏమీ లేదు, సూర్యుడు కనపడనే లేదు. హౌలర్ కోతుల అరుపులు మాత్రం ఒళ్లు జలదరించేలా ఉన్నాయి. అయితే అవి ఆరింటికి గేటు తీశాక వెళ్లినవాళ్లకీ వినపడతాయి.

మా ప్రయాణాన్ని నిలబెట్టింది ఆ తర్వాత 300 కెట్సాల్‌లకి మేం విడిగా మాట్లాడుకున్న గైడ్. పెద్ద చౌక్‌లో 47 మీటర్ల ఒకటో గుడి ముందు నిలబెట్టి, 695లో శత్రు నగరం కలక్‌ముల్‌ని ఓడించిన టికాల్ రాజు హసావ్ చాన్ కవీల్ సమాధి దాని కిందే దొరికిందని చెప్పాడు. దాన్ని ఎక్కనివ్వరు, ఎదురుగా ఉన్న రెండో గుడి ఎక్కొచ్చు. ఆ తర్వాత ఆయన అసలు ఈ ఊరికి నదే లేదన్నాడు. అప్పటిదాకా ముభావంగా ఉన్న మామయ్య ఒక్కసారిగా ముందుకొచ్చారు. ఆయన వరంగల్‌లో ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు.

చౌక్‌లన్నిటికీ సున్నం గచ్చు చేసి, వాననీరు చెరువుల్లోకి పారేలా వాలు పెట్టారట. రాజభవనం వెనక చెరువుకి గట్టు కట్టి, ఆ గట్టు మీదే దారి వేశారు. ఇప్పుడక్కడ చెట్లు మొలిచిన పల్లమే ఉంది. "తూము ఎక్కడ పెట్టారో అడుగమ్మా," అన్నారు మామయ్య. గట్టు అడుగునే పెట్టారని గైడ్ చేత్తో చూపించాడు. ఇంకో చెరువులో నీటిని వడకట్టడానికి క్వార్ట్జ్, జియోలైట్ అనే ఖనిజాలు వాడిన ఆనవాళ్లు దొరికాయని కూడా చెప్పాడు. మామయ్య ఆ పల్లం చుట్టూ తిరుగుతూ, గట్టు ఎత్తెంత, మిగులు నీళ్లెటు పోయేవి అని అడుగుతూనే ఉన్నారు. గైడ్ కూడా విసుక్కోకుండా గంట పైనే మాతో గడిపాడు. మేం కట్టిన డబ్బులో పూర్తిగా గిట్టుబాటైనవి ఆ 300 కెట్సాల్‌లే.

ఫ్లోరెస్‌లో గది మాట్లాడేటప్పుడు పన్నుతో కలిపి ఎంతో అడగండి, పైన 22 శాతం పడుతుంది. శాకాహారులైతే నల్ల బీన్స్ పంది కొవ్వుతో వండారేమో కనుక్కున్నాకే తినండి. పార్కు టికెట్ మాత్రం ఏ ఏజెంటుకీ వదిలేయకుండా మీరే కొనుక్కోండి.