మా దారిలో టోల్‌గేట్: కొత్త గీతలు బాగున్నాయి, రాత్రి భయం మాత్రం పోలేదు

శుక్రవారం రాత్రి ఊరికి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ హైదరాబాద్‌కి. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు ఒకే టోల్‌గేట్ దాటుతున్నాను. దాని పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేవి చాలావరకు ఏ హైవే మీదైనా కనిపించేవే. ఫీజు గురించీ క్యూ గురించీ అందరూ రాస్తారు, నేను రాసేది గేటుకి ముందుండే ఆ మూడు వందల మీటర్ల గురించి.

ఒకప్పుడు టోల్ దగ్గర బండి ఆగి తీరాల్సిందే. చిల్లర ఇచ్చి, రసీదు చేతికొచ్చేదాకా కదిలేది కాదు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ (అద్దానికి అంటించే ట్యాగ్, గేటు దగ్గర రీడర్ దాన్ని చదివి ఫీజు తీసుకుంటుంది) తప్పనిసరి చేశాక క్యూలు తగ్గాయి, సంతోషం. కానీ ముందు బండికి గేటు ఎలాగూ లేస్తుంది కదా, దాని తోక పట్టుకుని దూరిపోదాం అనే అలవాటు కూడా అప్పుడే మొదలైంది. ఆ ముందు కారు ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నా, అద్దానికి అంటించకుండా చేత్తో ఊపుతూ చూపిస్తున్నా గేటు లేవదు, కారు టక్కున ఆగుతుంది. వెనకాల వచ్చేది లోడు లారీ అయితే? ముప్పై టన్నుల బండి అక్కడికక్కడ ఆగదు. అంటించని ట్యాగుల్ని బ్లాక్‌లిస్ట్‌లో పెడతామని 2025 జూలైలో జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్ఏఐ ప్రకటించినప్పుడు చాలామంది విసుక్కున్నారు కానీ నాకైతే మంచి పనే అనిపించింది.

ఇక మా ప్లాజా. అరిగిపోయి ఉన్నా లేనట్టే అయిన రంబుల్ స్ట్రిప్స్‌ని, అంటే బండిని కుదిపేలా రోడ్డుకి అడ్డంగా వేసే ఎత్తు గీతల్ని, ఈమధ్య కొత్తగా వేశారు, దూరంగా ఒక వరస, ఆ తర్వాత ఇంకో రెండు, గేటు దగ్గరపడే కొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. మొదటి వరస మీదికి ఎక్కగానే స్టీరింగ్ చేతుల్లో గడగడలాడుతుంది, వెనక సీట్లో నిద్రపోతున్న మా పాప లేచి "నాన్నా, టోల్ వచ్చిందా?" అని అడుగుతుంది. పాప లేచిందంటే డ్రైవింగ్‌లో కునుకు పట్టే మనిషి కూడా లేస్తాడని నా నమ్మకం. తేడా కళ్లకు కనిపిస్తోంది, బ్రేకులు గేటు ముందు కాకుండా అక్కడే పడుతున్నాయి. దీనికి పూర్తి మార్కులు.

బోర్డులకు మాత్రం ఇవ్వలేను. ఏ లేన్ దేనికో గేటు నెత్తి మీద తప్ప ముందెక్కడా సరిగ్గా రాసి లేదు. ట్యాగ్ లేకపోయినా పనిచేయకపోయినా క్యాష్‌కి రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్లు అని 2025 నవంబర్ 15న రూల్ పెట్టాక, ట్యాగ్ లేనివాళ్లు ఏ గేటుకి వెళ్లాలా అని చివరి నిమిషంలో మూడు లేన్లు అడ్డంగా కోసేస్తారు, వెనకున్నవాళ్లకి గుండె జారిపోతుంది. ఎడమ చివర బైకుల దారిలోకి కార్లు దూరడం ఇంకో తలనొప్పి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది అక్కడి స్టాఫ్ పరిస్థితి. మొన్నొక రాత్రి ట్యాగుల్ని చదివే చేతి స్కానర్ పట్టుకుని ఒక అమ్మాయి నా కారు ముందు నుంచి పక్క లేన్‌లోకి అడుగు పెట్టిందో లేదో, అటునుంచి ఒక కారు రయ్యిమని వెళ్లిపోయింది, ఆ గాలికి చున్నీ ఎగిరి ముఖం మీద పడింది. జాకెట్ మీద మెరవాల్సిన పట్టీలు సగం ఊడిపోయి ఉన్నాయి. "చూసుకుని దాటమ్మా" అన్నాను. "రెండు లేన్లకీ ఇదొక్కటే స్కానర్ సార్, పిలిస్తే పరిగెత్తాలి" అంది. ఇంకో స్కానర్ కొనడానికి ఎంతవుతుంది చెప్పండి!

ఇది ఉత్త భయం కాదు. 2022 జూలైలో కర్ణాటకలోని ఉడుపి జిల్లా శిరూరు టోల్‌గేట్ దగ్గర వానలో ఒక అంబులెన్స్ అదుపు తప్పి బూత్‌ని గుద్దుకుంది, నలుగురు చనిపోయారు. 2023 నవంబర్‌లో ముంబై బాంద్రా–వర్లీ సీ లింక్ టోల్ దగ్గర నిలబడి ఉన్న బండ్ల మీదికి ఒక కారు దూసుకొచ్చి ముగ్గురు పోయారు. ఆ రెండు వార్తలూ చదివాక, వాన పడిన రాత్రి టోల్ లైట్లు కనిపించగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తుంది.

అందుకే మా ప్లాజాలో లేన్ల మధ్య దిమ్మెల మొదట్లో పసుపు లైటు వెలగకపోవడం నాకు చిన్న విషయంలా అనిపించదు. దిమ్మె ముందు పేర్చిన టైర్లకు నల్లటి మట్టి పట్టి, రాత్రిపూట హెడ్‌లైటు నేరుగా పడితే తప్ప కనిపించవు. మేనేజర్‌కి చెప్పాను, తల ఊపారు. రెండు వారాలైనా వెలగలేదు. పోయిన సోమవారం హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి లైటు గురించీ స్కానర్ గురించీ రెండూ కంప్లైంట్ రాయించాను.

ఐదుకి మూడు ఇస్తున్నాను, ఆ మూడూ గీతలకే. ఈ శుక్రవారం మళ్లీ వెళ్తున్నాను, లైటు వెలిగితే ఇక్కడే మార్చి రాస్తాను.