డిజిలాకర్ రివ్యూ: మెమోలకు భరోసా ఉంది, ప్రాక్టీసు హక్కుకు మాత్రం చాలదు

ఉద్యోగానికి పిలుపొస్తే ఇంట్లో మొదట వెతికేది పదో తరగతి మెమో, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ). వీటిని బీరువా తెరవకుండా ఫోన్లోనే చూపించుకునే వీలు డిజిలాకర్ ఇస్తుంది. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న సేవ ఇది. చదువు కాగితాల వరకు ధైర్యంగా నమ్మొచ్చు. వృత్తి చేసే హక్కు దగ్గరికొచ్చేసరికి ఇదొక్కటే పట్టుకుని కూర్చుంటే దెబ్బతింటారు.

యాప్‌లో ‘ఇష్యూడ్’ కింద కనిపించేది బోర్డో యూనివర్సిటీయో నేరుగా ఇచ్చిన పత్రం. 2017లో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం అది ఒరిజినల్‌తో సమానం. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నది మాత్రం జిరాక్స్ కింద లెక్క. దానికోసం 1 జీబీ చోటు ఇస్తారు, అంతే.

పత్రం తెచ్చుకోవడం తేలికే. ఆధార్ ఓటీపీతో లాగిన్ అయి, 6 అంకెల పిన్ పెట్టుకుని, బోర్డు పేరు వెతికి, హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం ఇవ్వాలి. అక్కడ చేరిన సంవత్సరం వేస్తే రికార్డు దొరకదు. సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. పాత బ్యాచ్‌ల రికార్డులు అన్ని యూనివర్సిటీలూ ఎక్కించలేదు కాబట్టి కాగితం ఓడీని పారేయకండి.

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర. మెమోలో ‘కొల్లి వెంకట రమణ’ అని ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ‘వెంకట రమణ కె’ అని ఉంటుంది. డిజిలాకర్ పేరును ఆధార్ నుంచే తీసుకుంటుంది, అక్కడ దిద్దే వీలు లేదు. రెండూ కలవకపోతే పత్రం రాదు. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు కాబట్టి, పదో తరగతి మెమో ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి ఒక్కసారే సరిచేయించుకోండి.

డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను కంప్యూటర్లో అడోబీ రీడర్‌తో తెరిస్తే ఒక్కోసారి సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. పత్రం నకిలీదని హెచ్‌ఆర్ వాళ్లు కంగారుపడేది ఇక్కడే. ఆ సంతకానికి హామీ ఇచ్చే సంస్థ ఆ కంప్యూటర్ నమ్మే జాబితాలో లేదని మాత్రమే దానర్థం. సంతకం మీద రైట్ క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సైనర్ సర్టిఫికెట్ తెరవండి. పై వరసలో ‘సీసీఏ ఇండియా’ (డిజిటల్ సంతకాలిచ్చే సంస్థలకు అనుమతినిచ్చే ప్రభుత్వ విభాగం) ఉందో లేదో ముందు చూడండి. ఉంటేనే ట్రస్ట్ ట్యాబ్‌లో చేర్చి, వాలిడేట్ నొక్కండి, ఆకుపచ్చ టిక్ వస్తుంది. చూడకుండా ట్రస్ట్ నొక్కితే దొంగ సంతకానికీ అదే టిక్ వస్తుంది. ప్రింట్ తీశాక ఆ సంతకాన్ని ఇలా పరీక్షించలేం, అందుకే పీడీఎఫ్‌నే పంపాలి.

ఇక డిగ్రీ ఉన్నంత మాత్రాన వృత్తి చేసే హక్కు రాదు. ఎంబీబీఎస్ పట్టా చదువుకు రుజువు. వైద్యం చేయాలంటే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి, మన రెండు రాష్ట్రాల్లోనూ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. బోర్డు మీద ఎండీ అని రాసుకుంటే ఆ పీజీ కూడా కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. ఎల్ఎల్‌బీ తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయినవాళ్లు రెండేళ్లలో ఆల్ ఇండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. సీఏ ఫైనల్ పాసై సభ్యత్వం తీసుకున్నా, సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ లేకుండా ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు. క్లౌడ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్లది ఇంకో దారి. అవి నైపుణ్యానికి గుర్తులే గానీ చట్టం ఇచ్చిన అనుమతులు కావు. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ ఇచ్చే సర్టిఫికేషన్ మామూలుగా మూడేళ్లు పనిచేస్తుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కిచ్చే పీఎంపీ నిలబెట్టుకోవాలంటే మూడేళ్లలో 60 పీడీయూలు (వృత్తిలో నేర్చుకున్నదానికి లెక్కగట్టే పాయింట్లు) చూపాలి.

ఈ తేడా డిజిలాకర్ తెర మీద సరిగ్గా తెలియదు. అన్నీ ఒకే వరుసలో కార్డుల్లా కనిపిస్తాయి. పైగా ఎప్పుడో తెచ్చుకున్న పత్రం ఈరోజు పరిస్థితి చెప్పదు. రిజిస్ట్రేషన్ గడువు నిన్ననే దాటిపోయి ఉండొచ్చు. అందుకే డాక్టరైతే కౌన్సిల్ రిజిస్టర్‌లో, ఐటీ సర్టిఫికేషనైతే అది ఇచ్చిన సంస్థ వెరిఫికేషన్ లింకులో చూడాలి. సీఏ సంతకానికి 2019 నుంచి యూడిన్ ఉంది, అంటే సంతకం పెట్టిన ప్రతి పత్రానికీ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు. 18 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి ఆరూ సభ్యత్వ నంబరు. సంతకం కింద రాసిన సభ్యత్వ నంబరుతో అవి కలవకపోతే అక్కడే ఆగిపోండి. కలిస్తే యూడిన్ పోర్టల్‌లో కొట్టి చూడండి, ఎవరైనా చూసుకోవచ్చు.

గల్ఫ్‌కు వెళ్లే నర్సులకు మాత్రం డిజిలాకర్ పీడీఎఫ్ ఉన్నా పని పూర్తికాదు. దుబాయ్, ఖతార్ లైసెన్సులకు డేటాఫ్లో అనే పత్రాల తనిఖీ సంస్థ ద్వారా కాలేజీని, నర్సింగ్ కౌన్సిల్‌ను నేరుగా అడిగి నిర్ధారిస్తారు. దానికి వారాలు పడుతుంది కాబట్టి వీసా కన్నా ముందే మొదలుపెట్టాలి.