రాత్రి నిద్రకు సిలికాన్ తేనెపీక: ఏడున్నర నెలలకు మానిపించాక నా మాట

మా పాపకు ఐదో వారంలో కొన్నాం. రెండు పీకల ప్యాకెట్, 0–6 నెలల సైజు, 399 రూపాయలు. తల్లిపాలు బాగా పట్టడం అలవాటయ్యాకే ఇవ్వమని డాక్టరు గారు చెప్పారు కాబట్టి అప్పటిదాకా ఆగాను. అప్పుడు గుంటూరులో అమ్మవాళ్లింట్లో ఉన్నాను. మొదటి రాత్రే తేడా తెలిసింది. పాలు తాగి కడుపు నిండినా చప్పరిస్తూనే ఉండే పిల్ల, పీక నోట్లో పెట్టగానే పది నిమిషాల్లో పడుకుంది.

"కాస్త తేనెలో ముంచి పెట్టవే" అంది అమ్మ. పేరే తేనెపీక కదా, వాళ్ల కాలంలో అలాగే ఇచ్చేవాళ్లు. కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. దాని వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఈ మాట అమ్మకు మూడుసార్లు చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ తప్పకుండా చెప్పండి.

వస్తువు విషయానికొస్తే నాకు బాగా నచ్చింది. అంతా ఒకే ముక్కగా పోసిన సిలికాన్, అతుకులు లేవు, మురికి ఇరుక్కునే సందు లేదు. పెదాల మీద ఆనే పళ్లెం పాప నోటికన్నా వెడల్పు, గాలి ఆడటానికి రెండు కంతలు ఉన్నాయి. కొనేటప్పుడు ఈ రెండూ చూసుకోండి. రోజూ మరగబెట్టినా రంగు మారలేదు. చొంగ నిలిచి గడ్డం దగ్గర ఎర్రగా ఒరుసుకుంది, మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉంటే తగ్గింది. కింద పడిపోతోందని కొందరు నల్లదారంతో మెడలో కడతారు. దయచేసి ఆ పని చేయకండి, మెడకు బిగుసుకుంటుంది.

నిద్రపుచ్చేటప్పుడు పీక ఇస్తే, పసిపిల్లలు నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే ముప్పు తగ్గుతుందని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఆ ముప్పు ఎక్కువగా ఉండేది మొదటి ఆరు నెలల్లోనే. అందుకే ఆ ఆరు నెలలు నేను ఏ టెన్షనూ లేకుండా ఇచ్చాను.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. 26 వారాల సెలవు అయిపోయి కూకట్‌పల్లి వచ్చేశాం, నేను ఆఫీసులో చేరాను. పాప నిద్రలో పీక జారిపోగానే ఏడ్చేది. చీకట్లో దుప్పటి కింద వెతికి, కడిగి, మళ్లీ పెట్టాలి. ఒక వారం పాటు లేచిన ప్రతిసారీ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. ఒక రాత్రి తొమ్మిది గీతలు. అందులో పాల కోసం లేచింది రెండుసార్లే, మిగతా ఏడూ పీక కోసమే. తనంతట తాను వెతికి నోట్లో పెట్టుకోవడం దానికింకా రాలేదు.

అదే నెలలో చెవి పోటు వచ్చింది. ఆరు నెలలు దాటాక పీక వాడే పిల్లలకు చెవి ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువని, మానిపించడానికి ఇది మంచి సమయమేనని డాక్టరు గారు అన్నారు. కింద పన్ను కూడా వచ్చి సిలికాన్ మీద గాట్లు పడ్డాయి. లాగి చూస్తే చిరుగు కనిపించింది. ముక్క ఊడి గొంతులోకి పోతుందేమోనని భయమేసి వెంటనే పారేశాను. రెండోది తీయాలా, ఇక్కడితో ఆపాలా అని ఆలోచించి, చెవి అప్పటికే తగ్గింది కాబట్టి ఆ శుక్రవారం రాత్రే ఆపేశాం.

మొదటి రాత్రి యాభై నిమిషాలు ఏడ్చింది. వదిలేసి బయటికి వెళ్లలేదు, పక్కనే ఉండి జోకొడుతూ కూర్చున్నాను. రెండో రాత్రి అరగంట. మూడో రాత్రి మళ్లీ ఎక్కువైంది. "ఇచ్చేద్దాం, పాపం" అన్నారు మా ఆయన. అత్తయ్య మాత్రం "రెండు రోజులు ఓర్చుకోమ్మా, ఇప్పుడిస్తే మళ్లీ మొదటికొస్తుంది" అని పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగారు. ఆవిడ ఆ రాత్రి నిలబడకపోతే నేను ఇచ్చేసేదాన్నే. ఆరో రాత్రికి క్యాలెండర్ మీద రెండే గీతలు, రెండూ పాలకే. పగటి నిద్ర దారిలో పడటానికి మరో పది రోజులు పట్టింది.

మీ పాప తనే వెతుక్కుని పెట్టుకుంటూ, మీరు లేవాల్సిన పని లేకపోతే ఇంత తొందరపడనక్కర్లేదు. పళ్ల వరుస దెబ్బతింటుంది కాబట్టి మూడేళ్ల దాకా మాత్రం సాగనివ్వకండి. పీక కోసం రాత్రంతా మీరే లేస్తుంటే ఆపేయండి, ఒక వారం కష్టం అంతే.

వస్తువుకు అయిదుకు నాలుగు ఇస్తాను. వచ్చే నెల మా చెల్లి పురుడు. రెండో పీక ప్యాకెట్‌లోనే ఉంది కానీ, చెల్లికి కొత్తదే కొనిస్తాను. ఐదో వారం దాకా బీరువాలో పెట్టుకోమని, ఆరు నెలలు నిండాక నాకు ఫోన్ చేయమని చెప్పాను.