కోర్సు ఫీజు ఈఎంఐలో కడుతున్నారా? ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

ఉద్యోగం చేస్తూ కొత్తగా ఏదైనా నేర్చుకుందాం అనుకుంటున్నవాళ్ల కోసం ఈ పోస్టు. ముఖ్యంగా ఫోన్‌లో ఎవరో 'కెరీర్ కౌన్సెలర్' అని చెప్పి, ఈ రోజు సాయంత్రంలోపు సీటు బ్లాక్ చేసుకోకపోతే ఆఫర్ పోతుందని తొందరపెడుతుంటే ఫోన్ పెట్టేసి ఇది చదవండి. ఆ ఆఫర్ ఎక్కడికీ పోదు, వచ్చే వారం ఇంకో పేరుతో మళ్లీ ఫోన్ వస్తుంది.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. డేటాని వెతికి తీసే ఎస్‌క్యూఎల్, దాన్ని చార్టులుగా చూపించే పవర్ బీఐ వస్తే ఆఫీసులో పనికొస్తుందని ఒక ఆన్‌లైన్ సంస్థలో డేటా అనలిటిక్స్ కోర్సు తీసుకున్నాను. 18 శాతం జీఎస్టీతో కలిపి ఫీజు లక్ష దాటింది. డెమో క్లాసు మాత్రం అదిరిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాకపోతే డెమో చెప్పిన ఆ సార్ మళ్లీ కనిపిస్తే ఒట్టు. లోపల ఉన్నవన్నీ పాత రికార్డెడ్ వీడియోలు. డౌట్లు తీర్చడానికి వచ్చేది నిన్నమొన్న డిగ్రీ అయిన పిల్లలు, గట్టిగా ఒక ప్రశ్న అడిగితే పాపం వాళ్లే కంగారుపడిపోయేవాళ్లు.

సరే, క్లాసులు బాగాలేకపోతే మానేయొచ్చు. కానీ ఇక్కడ మానేసినా ఈఎంఐ ఆగదు. ఎందుకంటే "నో కాస్ట్ ఈఎంఐ, నెలనెలా కొంచెం కొంచెం కట్టండి" అన్నారే, ఆ కట్టేది సంస్థకి కాదు. మన పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర లోన్ తీస్తారు, మొత్తం డబ్బు మొదట్లోనే సంస్థ ఖాతాలోకి వెళ్లిపోతుంది, అప్పు మనకి మిగులుతుంది. ఆధార్, పాన్, సెల్ఫీ, ఓటీపీ అన్నీ 'రిజిస్ట్రేషన్ ప్రాసెస్' అంటూ ఫోన్‌లో మాట్లాడుతూనే చకచకా చేయిస్తారు. లోన్ అనే మాట ఆ గంట సంభాషణలో ఒక్కసారి కూడా రాదు.

ఇక రిఫండ్ సంగతి. 7 రోజుల్లో వద్దంటే పూర్తి డబ్బు వాపస్ అని యాడ్‌లో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ 7 రోజులు లెక్కపెట్టేది డబ్బు కట్టిన రోజు నుంచి. బ్యాచ్ మొదలయ్యేదేమో ఆ తర్వాత. అంటే మొదటి క్లాసు వినేసరికే గడువు అయిపోయి ఉంటుంది! ఇది పొరపాటున జరిగేది కాదండీ, అలా రాసుకున్నదే. చేరే ముందు ఇంకేమీ అడక్కపోయినా "రిఫండ్ గడువు ఏ తేదీ నుంచి" అని మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి విలువ లేదు.

ఫోన్‌లో 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అన్నది అగ్రిమెంట్‌లోకి వచ్చేసరికి 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అయింది. అసిస్టెన్స్ అంటే బయట జాబ్ సైట్లలో అందరికీ కనిపించే లింకులే వాట్సాప్‌లో పంపడం. కోచింగ్ సంస్థలు ఉద్యోగం గ్యారంటీ అని తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ సంస్థలు ఇలాంటి మాటలు ఎక్కువగా ఫోన్‌లోనే చెప్పి, కాగితం మీద పెట్టకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

ఇప్పటికే లోన్ పడిపోయినవాళ్లు ముందు కేఎఫ్‌ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాల కాగితం) తెరవండి. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతం అన్నీ ఆ కాగితంలో ఉండాలి, ఇది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. కూలింగ్ ఆఫ్ పీరియడ్, అంటే లోన్ వద్దనుకునే గడువు కూడా అందులోనే ఉంటుంది. ఆ గడువులో అసలు, అప్పటివరకు గడిచిన రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా లోన్ నుంచి బయటపడొచ్చు. కానీ కనీస గడువు ఒక్క రోజే, పైగా డబ్బు సంస్థ దగ్గర ఉంటుంది కాబట్టి సంస్థకీ, ఫైనాన్స్ కంపెనీకీ అదే రోజు మెయిల్ పెట్టాలి. నో కాస్ట్, అంటే వడ్డీ లేదు అన్నప్పుడు "ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు" అని అడిగి చూడండి. ఎంతో కొంత తగ్గిస్తామన్నారంటే ఆ వడ్డీ ఫీజులోనే కలిపేశారన్నమాట.

కోపంలో ఈఎంఐ మాత్రం ఆపేయకండి. సంస్థతో గొడవ ఉన్నా ఫైనాన్స్ కంపెనీ ఊరుకోదు, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు అది బయటపడుతుంది. లోన్ గురించి వాళ్లకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. కోర్సు విషయానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కేసు వేయడానికి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు. సంస్థ ఆఫీసు బెంగళూరులో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసే హక్కు ఉంది.

ఇదంతా చదివి కోర్సులంటేనే భయపడకండి. నాకు ఆ సంస్థలో రాని ఎస్‌క్యూఎల్ తర్వాత ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో వచ్చింది. ఐఐటీ, ఐఐఎస్సీ ప్రొఫెసర్ల పాఠాలు, వినడానికి పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకి 1000 రూపాయలు. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది కాబట్టి బద్ధకించడానికి వీల్లేదు. ఆ అలవాటుతోనే ఎక్సెల్‌లో డేటాని సర్ది కలిపే పవర్ క్వెరీ కూడా పట్టాను. ప్రతి నెలా పర్చేజ్ రిజిస్టర్‌ని జీఎస్టీఆర్-2బీతో (సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) సరిచూడటం అనే తలనొప్పి ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోతోంది, మా మేనేజర్ గారు జూనియర్లకి నేర్పించమని నాకే అప్పజెప్పారు. నలభై దాటాక ఇంకొకరికి నేర్పే స్థితికి రావడం ఎంత ఉత్సాహంగా ఉంటుందో చెప్పలేను. మనిషి ఎదురుగా ఉండి చెప్తేనే ఎక్కుతుంది అనేవాళ్లకి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట ఉండనే ఉంది, మైత్రీవనం చుట్టుపక్కల నాలుగైదు చోట్ల డెమోలు విని, హాస్టల్లో సీనియర్లని వాకబు చేసి, నచ్చినచోట చేరొచ్చు.

నా విషయానికొస్తే, 1915లో ఫిర్యాదు పెట్టాక సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. సగం డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకుని, బయట ఎక్కడా దీని గురించి రాయనని సంతకం పెట్టండి అన్నారు. పెట్టలేదు. జిల్లా కమిషన్‌లో వేయడానికి అగ్రిమెంట్, మెయిళ్లు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు అన్నీ సర్దుతున్నాను. మీరు కూడా కౌన్సెలర్ పంపిన ఒక్క మెసేజీ కూడా డిలీట్ చేయకండి.