తాళం వేసిన ఇంటికి సామాన్ల పాలసీ: ఏళ్లుగా కడుతున్నాక నా అభిప్రాయం

నల్గొండలో మా ఇల్లు ఏడాదిలో సగం రోజులు తాళంతోనే ఉంటుంది. కొడుకు, బిడ్డ ఇద్దరూ అమెరికాలోనే. నేను రిటైరైనప్పటి నుంచి ఒకసారి పోతే ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండి వస్తున్నాం. ఇంటి సామాన్లకు పాలసీ కూడా అప్పటి నుంచే కడుతున్నాను. మా కాలనీలో పిల్లల దగ్గరికి పోయేవాళ్లు ప్రయాణం ముందు దీని గురించి అడుగుతుంటారు. నా మాట ఒక్కటే: పాలసీ తప్పకుండా తీసుకోండి. అయితే దొంగతనానికి కవర్ ఉందా, ఇల్లు ఖాళీగా ఉంటుందని కంపెనీకి రాతలో తెలుసా, ఈ రెండూ తేలాకే డబ్బు కట్టండి.

2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ అమ్ముతున్నాయి. బిల్డింగ్‌కు ఇన్సూరెన్స్ చేస్తే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. ఒక్కో వస్తువు పేరు రాయించే పని లేదు. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, ట్యాంకు పొంగడం, పైపు పగలడం అన్నీ ఉన్నాయి. సామాన్ల విలువ తక్కువ చూపించారని క్లెయిమ్‌లో ఆ లెక్కన కోత పెట్టరు. ఇదంతా నిజంగా మంచి ఏర్పాటు, ప్రీమియం కూడా భారం కాదు.

కానీ ఇందులో మామూలు దొంగతనం లేదు. మంటలో వరదో వచ్చి, దానివల్ల ఏడు రోజుల్లోపు వస్తువులు పోతేనే ఇస్తారు. తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే ఈ పాలసీలో పైసా రాదు. మా ఏజెంట్ మాత్రం 'అన్నీ కవర్ అయితయి సార్' అన్నాడు. బ్రాంచికి పోయి పాలసీ కాగితం తెరిపించి చదివితేగానీ అసలు సంగతి తేలలేదు. అందుకే బర్గ్లరీ కవర్, అంటే తాళమో తలుపో పగలగొట్టి చేసే దొంగతనానికి ఇచ్చే కవర్, విడిగా తీసుకున్నాను.

ఆ కవర్‌లోనే మనలాంటివాళ్లకు ముఖ్యమైన షరతు ఒకటి ఉంది. నా పాలసీలో వరుసగా 30 రోజులు మించి ఇంట్లో ఎవరూ ఉండకపోతే, ముందుగా కంపెనీ అనుమతి లేనిదే కవర్ ఆగిపోతుంది. ఈ గడువు కంపెనీని బట్టి, పాలసీని బట్టి మారుతుంది. ప్రతిసారీ పోయే ముందు తేదీలతో ఉత్తరం ఇస్తాను. పక్కింటి వదిన రోజూ వచ్చి చూస్తుందని, రాత్రి వాచ్‌మన్ పడుకుంటాడని అందులో రాస్తాను. వాళ్లు ఒప్పుకున్నట్టు ఎండార్స్‌మెంట్ కాగితం చేతికొచ్చాకే టికెట్ల సంగతి చూస్తాను. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజు ఎవరికీ గుర్తుండదు.

ఆ కాగితమే మమ్మల్ని కాపాడింది. మేం అమెరికాలో ఉండగా ఒక రాత్రి వెనక దర్వాజ గొళ్లెం విరగ్గొట్టి దొంగలు పడ్డారు. బీరువా పగలగొట్టి వెండి సామాన్లు, టీవీ, మా ఇంటావిడ పట్టుచీరలు పట్టుకుపోయారు. తెల్లారి వదిన చూసి ఫోన్ చేస్తే ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. మా బావమరిది స్టేషన్‌కు పోయి ఎఫ్‌ఐఆర్ చేయించాడు. నేను అక్కడి నుంచే అదేరోజు కంపెనీకి మెయిల్ పెట్టాను, బావమరిది పేరున ఆథరైజేషన్ ఉత్తరం పంపాను. నష్టం చూసి లెక్కగట్టే సర్వేయర్ వచ్చేదాకా విరిగిన గొళ్లెం మార్చొద్దని, బీరువా సర్దొద్దని గట్టిగా చెప్పాను. బలవంతంగా లోపలికి వచ్చిన గుర్తు కనిపించాలి. అది లేకుంటే బర్గ్లరీ కింద ఒప్పుకోరు. పనివాళ్లు చేసే దొంగతనం కూడా ఇందులోకి రాదు, దానికి వేరే కవర్ కావాలి.

వెండికి బిల్లులు ఉన్నాయి, పాలసీ జాబితాలోనూ ఉంది కాబట్టి పూర్తిగా ఇచ్చారు. టీవీకి వాడిన ఏళ్ల తరుగు తీసేశారు. చీరల్లో బిల్లు ఉన్నవాటికే డబ్బు వచ్చింది. పెళ్లినాటి చీరలకు బిల్లు ఎవరు దాచుకుంటారు? ప్రయాణం ముందు ప్రతి గది, ప్రతి అర తెరిచి తీసిన వీడియో చూపించినా సర్వేయర్ వాటికి విలువ కట్టలేదు. అది అన్యాయమనే ఇప్పటికీ అంటాను. వస్తువు ఉందని కళ్లకు కనిపిస్తున్నప్పుడు కొంతైనా లెక్కగట్టాలి. డబ్బు రావడానికి చాలా నెలలు పట్టింది. దొంగలు దొరకలేదని పోలీసుల ఫైనల్ రిపోర్ట్ వచ్చేదాకా ఫైలు కదల్లేదు. కంపెనీ తేల్చకపోతే పాలసీదారుల ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫిర్యాదుకు ఫీజు ఉండదు. నాకు అంతదాకా పోయే అవసరం పడలేదు.

మరోసారి వానాకాలంలో పైన ట్యాంకు పైపు పగిలి నీళ్లు పడకగదిలోకి దిగాయి. పరుపులు, చెక్క అల్మారా పాడయ్యాయి. దీనికి మాత్రం గృహ రక్ష కింద పెద్దగా అడగకుండానే ఇచ్చారు. ఇన్వర్టర్ షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోయినప్పుడు ఇవ్వలేదు. కరెంటు లోపంతో పాడైన ఆ యంత్రాన్ని గృహ రక్షలాంటి ఫైర్ పాలసీ పట్టించుకోదు, దాన్నుంచి మంటలు అంటుకుని వేరే వస్తువులు కాలితే వాటికే ఇస్తుంది. ఇప్పుడు పోయేముందు మెయిన్ ఆఫ్ చేసి, ట్యాంకు వాల్వు కట్టేసి పోతున్నాం.

బంగారానికి ఇంట్లో ఉంచి పాలసీ చేయించడం నాకు నచ్చదు. విలువ సర్టిఫికెట్ కావాలి, ప్రీమియం ఎక్కువ, పైగా ఖాళీ ఇల్లు. మాది బ్యాంకు లాకర్‌లో ఉంటుంది. 2022 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లాకర్ దొంగతనానికి, అగ్నిప్రమాదానికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు. అద్దె 3 వేలైతే 3 లక్షలన్నమాట. ఇప్పటి బంగారం ధరకు అది ఏ మూలకూ సరిపోదు, కాబట్టి లాకర్‌లోని నగలకు విడిగా చిన్న పాలసీ చేయించాను. ఇంట్లో ఉంచిన నగలకంటే దీనికి తక్కువే అడిగారు.

ఈ ఏడాది రెన్యువల్‌లో ఎలక్ట్రికల్ వస్తువుల బ్రేక్‌డౌన్ కవర్ కూడా కలిపాను. 18 శాతం జీఎస్టీ పోను పెరిగింది కొంతే. కంపెనీ మాత్రం మార్చలేదు. ఖాళీ ఇంటి ఎండార్స్‌మెంట్‌ను ఏ ఏడూ పేచీ పెట్టకుండా ఇస్తున్నారు, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.