సానో వెదురు, కితకాత పొద్దుటి రామెన్: నాలుగు రోజుల ట్రిప్

జపాన్ వెళ్ళినవాళ్ళు రామెన్ (వేడి రసంలో వేసిచ్చే నూడుల్స్) తినకుండా తిరిగిరారు, కానీ ఎక్కువమంది షింజుకులోనో టోక్యో స్టేషన్ కిందనో ఒక బౌల్ తినేసి అయిపోయిందనుకుంటారు. నాకు మాత్రం ఎప్పట్నించో దాన్ని చేత్తో చేసే ఊరికి వెళ్ళి చూడాలని ఉండేది. మా తమ్ముడు టోక్యోలోని నిషికసాయిలో ఉంటాడు, వాడికి నాలుగు రోజులు లీవ్ దొరగ్గానే ఇద్దరం బయల్దేరాం, తోచిగిలో సానో, తర్వాత ఫుకుషిమాలో కితకాత.

అసలు రామెన్ చైనా నుంచి వచ్చిన తిండే. 1910లో టోక్యో అసకుసాలో ఒజాకి కాన్‌ఇచి అనే ఆయన రైరైకెన్ అని హోటల్ పెట్టి, యోకోహామా చైనాటౌన్ నుంచి వంటవాళ్ళని తెచ్చుకున్నాడు, అక్కణ్ణించే ఇది మామూలు జనం తిండిగా మారింది. అప్పట్లో షినా సోబా, అంటే చైనా నూడుల్స్ అనేవాళ్ళు. తర్వాత ఏ ఊరి నీళ్ళని బట్టి, ఏ ఊరి పిండిని బట్టి ఆ ఊళ్ళో ఒక్కో రకంగా తయారైంది.

సానోకి షింజుకు నుంచి హైవే బస్ ఉంది, గంటన్నర పట్టింది, బస్ దిగేది అవుట్‌లెట్ మాల్ దగ్గర కాబట్టి ఊళ్ళోకి మళ్ళీ ఇంకో బండి చూసుకోవాలి. ఊరు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ అక్కడి నూడుల్స్‌ని పచ్చి వెదురు బొంగుతో కొడతారు, దాన్ని అఓదాకే ఉచి అంటారు, మేం వెళ్ళిందే దానికోసం. మేం తిన్న హోటల్లో పిండి గది అద్దం వెనకాల ఉంది. పెద్దాయన ఒకాయన పిండి ముద్దని చెక్క బల్ల మీద పెట్టి, మనిషి కన్నా పొడుగున్న వెదురు బొంగు ఒక కొసని గోడలో దూర్చి, రెండో కొస మీద ఒక కాలు వేసి కూర్చుని ఎగిరెగిరి నొక్కుతుంటే ఆ బరువంతా పిండి మీద పడుతుంది, కొంచెం జరుగుతాడు, మళ్ళీ నొక్కుతాడు, ముద్ద దుప్పటిలా పరుచుకున్నాక మడత పెట్టి మళ్ళీ మొదలెడతాడు. నేను పదిహేను నిమిషాలు కదల్లేదు అక్కణ్ణించి. కత్తితో కోసేటప్పుడు కూడా కొలత ఏమీ లేదు, కొన్ని సన్నగా కొన్ని లావుగా వస్తాయి, కోశాక రెండు చేతులతో గట్టిగా నలిపి వదిలితే వంకర్లు తిరుగుతాయి. ఆ వంకర్లలోనే రసం పట్టుకుంటుంది. నోట్లో పెట్టుకుంటే ఒక పోగు మెత్తగా జారిపోతుంది, పక్క పోగు కొంచెం పళ్ళకి తగులుతుంది, మిషన్ నూడుల్స్‌లో ఇది రాదు. రసం తేటగా, సోయా సాస్ రుచితో, ఉప్పు తక్కువగా ఉంది. ఇక్కడి నీళ్ళు మంచివని పేరు, పక్కనే ఇజురుహరా బెంతెన్ కోనేరు ఊట 1985లో ప్రభుత్వం ఎంపిక చేసిన వంద మంచినీటి వనరుల్లో ఒకటి.

ఒక మాట, సానోలో ప్రతి షాపూ వెదురు వాడదు. మిషన్‌తో చేసేవి కూడా చాలానే ఉన్నాయి, ముందే కనుక్కుని వెళ్ళండి. మధ్యాహ్నం పిండి అయిపోతే షట్టర్ వేసేస్తారు, మేం రెండో షాపుకి రెండింటికి వెళ్తే బోర్డు తిప్పేశారు. రాత్రి ఉండటానికి సానో అంత బాలేదు, ఒక పూట చాలు.

మర్నాడు కాదు, ఆ రోజే అని లేకుండా చెప్పాలంటే, దారి ఇది: ఒయామా వెళ్ళి షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) పట్టుకుని కోరియామా, అక్కణ్ణించి బానెత్సు వెస్ట్ లైన్‌లో ఐజు వాకమత్సు. ఈ రైలు ప్రయాణం నాకు మొత్తం ట్రిప్‌లో బాగా నచ్చింది, ఇనవాషిరో దగ్గర బందై కొండ కిటికీ నిండా కనిపిస్తుంది. రైళ్ళు మాత్రం తక్కువ, ఒకటి పోతే చాలాసేపు కూర్చోవాలి, టైమ్‌టేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. ఐజులో మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక బిజినెస్ హోటల్లో దిగాం, నాన్ స్మోకింగ్ అని బుక్ చేస్తే గది నిండా సిగరెట్ వాసన, మార్చమంటే గదులు లేవన్నారు, పొద్దున్న డబ్బులు కొంచెం తగ్గిస్తారేమో అనుకున్నా కానీ ఆ ఊసే లేదు. రెండో రాత్రి హిగాషియామా ఆన్సెన్‌లో (వేడి నీటి బుగ్గల ఊరు) చిన్న పాతకాలం సత్రంలో ఉన్నాం, ర్యోకాన్ అంటారుగా, అది అలసట అంతా తీర్చేసింది. తాతామి చాపలు, వేడి నీటి స్నానం, మేం కిందికెళ్ళి వచ్చేసరికి పరుపులు వేసి ఉన్నాయి. ఖర్చు రెట్టింపు, అయినా మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉంటా.

ఐజు నుంచి కితకాత ఇరవై నిమిషాలే. ఊరంతా కురా అని మట్టి గోడల గిడ్డంగులు, 1880లో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే ఇవే కాలకుండా నిలబడ్డాయట, అప్పట్నించి జనం వీటినే కట్టుకున్నారు, లోపల సాకే (బియ్యం సారా), మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), సోయా సాస్ తయారుచేసేవాళ్ళు. మంచి సోయా సాస్, ఈదె కొండల నుంచి వచ్చే నీళ్ళు రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. అలాంటి ఊరికి 1920ల్లో చైనా నుంచి బాన్ కిన్‌సేయ్ అనే కుర్రాడు, దగ్గర్లో గనిలో పనిచేసే చుట్టాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. పని దొరకలేదు. తన ఊళ్ళో తిన్న నూడుల్స్ గుర్తు తెచ్చుకుని చేసి, బండి మీద పెట్టుకుని వీధుల్లో అమ్మాడు. ఆ బండే తర్వాత గెన్‌రైకెన్ అని హోటల్ అయ్యింది, ఇవాళ్టికీ స్టేషన్ దగ్గర్లో ఉంది. అడిగినవాళ్ళకి పని దాచుకోకుండా నేర్పాడని చెప్తారు, ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని రామెన్ షాపులు ఉన్నాయంటే దానికి కారణం ఆయనే. ఆ మాట విన్నాక ఆ హోటల్లో కూర్చుని తింటుంటే నాకు నిజంగా గొంతు పట్టేసింది.

కితకాత నూడుల్స్ వెడల్పుగా, నాలుగు మిల్లీమీటర్ల దాకా, బల్లపరుపుగా ఉంటాయి. పిండిలో నీళ్ళు బాగా ఎక్కువ పోసి, కాన్సుయ్ అనే క్షారపు (సోడా లాంటి) నీళ్ళు కలిపి (పసుపు రంగు, సాగుడు దానివల్లే), ముద్దని మాగనిస్తారు. ఇక్కడ చాలా హోటళ్ళకి నూడుల్స్ ఊళ్ళోని నూడుల్స్ మిల్లుల నుంచే వస్తాయి, సానోలా ప్రతి వంటగదిలో చేతిపని ఆశించి వెళ్ళకండి. వీళ్ళ చేతిపనంతా రసంలో ఉంది, పంది ఎముకలు, ఎండు నెత్తళ్ళు వేసి తేటగా కాస్తారు.

ఇక పొద్దుటి రామెన్, అసారా. మనకి ఇడ్లీ బండి ఎలాగో వీళ్ళకి అలాగ. నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళు, పొలం పని చేసొచ్చినవాళ్ళు తినడంతో మొదలైందంటారు. బాన్నాయ్ షోకుదో ఏడింటికే తెరుస్తారు, 1958 నాటి హోటల్, మేం ఆరూ యాభైకి వెళ్తే అప్పటికే లైన్. నికు సోబా (మాంసం రామెన్) చెప్తే పైన చాషూ (పంది మాంసం) ముక్కలు బౌల్ అంచు దాకా కప్పేసి నూడుల్స్ కనపడకుండా వచ్చింది. లైన్ ఉన్నా చకచకా కదిలింది, ఎవరూ తొందర పెట్టలేదు, భాష రాకపోయినా వేలు చూపిస్తే నవ్వుతూ రాసుకున్నారు.

వెజిటేరియన్లకి మాత్రం ఈ రెండు ఊళ్ళూ కష్టం. మాంసం ముక్క తీసేసినా రసంలో ఎముకలు, చేపలు ఉంటాయి, అడిగి ఇబ్బంది పడేకన్నా టోక్యోలో వీగన్ రామెన్ చూసుకోండి.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఎండు నెత్తళ్ళ సంగతి చెప్తే, తలకాయలు తీసి వేస్తారా అలాగే వేస్తారా అని అడిగింది. మేం చూసిన చోట తల, పొట్ట తీసే వేస్తున్నారమ్మా అన్నా. తీయకపోతే చేదొస్తుంది మరి అంది.